ముల్లు ఏడు మీదికొస్తే

"ఈ సాయంత్రమే. నారాయణఖేడ్ బస్టాండు పక్కనే. అంతవరకే తెలిసింది." చెవిటి మిషన్‌లోంచి చీఫ్ గొంతు. "విదేశీ ముఠా పెట్టిన బాంబు. దాని ట్రిగ్గర్ గాలి నింపి మూసిన రబ్బరు బుడ్డి. వేడి మారకపోతే లెక్క సూటిగా ఉంటుంది. చుట్టూ ఒత్తిడి రెట్టింపైతే బుడ్డి సగమవుతుంది. ఎనిమిది రెట్లయితే ఎనిమిదో వంతు. అప్పుడు వైర్లు కలుస్తాయి."

ఏజెంట్ ధర్మేందర్‌కు కాలు నిలవడం లేదు. కందులు కొనే చెవిటి బ్రోకర్ వేషంలో పొద్దుటి నుంచి బస్టాండు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ముఠాలో ఉంటూ మనకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్ ఎలీసబెతు, నల్లకళ్లద్దాలు సర్దుకుంటూ హోటల్ సిలిండర్లు చూపించింది. వెతికాడు. ఏమీ లేదు.

"మళ్లీ చూడు," అని నవ్విందామె. ఆ నవ్వు అతనికి నచ్చలేదు.

ఎదురుగా పంక్చర్ షాపులో కంప్రెసర్ మోటరు దడదడలాడుతోంది. లారీ వస్తుందని షాపు ఓనర్ రజాక్ గాలి ట్యాంకు ఫుల్ చేస్తున్నాడు. ధర్మేందర్‌ను చూడగానే చెవిలో అరిచాడు.

"సేట్! నా పాత ట్యాంకు మేడమ్ ఫుకట్ల రిపేర్ చేయించింది. ఇంతకుముందు నిండనీకి పది నిమిషాలు వట్టేది. మోటర్ గదే, ఇప్పుడు ఆరు నిమిషాలే! పనితనమంటే గది!"

ధర్మేందర్ గబగబా లెక్క కట్టాడు. మోటరు అదే అయితే, ట్యాంకులో గాలి పట్టే చోటే తగ్గింది. నలభై శాతం ఇంకేదో తిష్ఠ వేసింది!

"ఏ మేడమ్?"

రజాక్ గడ్డంతో చూపించాడు. ఎలీసబెతు అప్పుడే కారెక్కుతోంది.

ట్యాంకు గేజి మీద ముల్లు ఆరున్నర బార్‌ల ఒత్తిడి చూపిస్తోంది. ముల్లు ఎనిమిదికి చేరడానికి ఇంకా టైముందనుకుని కారు వైపు పరుగెత్తాడు. నాలుగడుగులు వేశాక టక్కున ఆగాడు. ఖాళీ ట్యాంకుకు గేజి సున్నా చూపిస్తుంది గానీ, బయటి గాలి ఒత్తిడి అప్పటికే ఒకటి! ముల్లు ఏడైతే అసలు ఒత్తిడి ఎనిమిది!

వెనక్కి తిరిగాడు. ముల్లు ఏడును ముద్దాడబోతోంది. మోటరు స్విచ్ ఎక్కడో లోపల, టైర్ల గుట్ట వెనక. నేల మీద పడి ట్యాంకు కింది వాల్వు తిప్పేశాడు. బుస్సుమని గాలి తన్నుకొచ్చింది. ముల్లు ఆగి, వణికి, దిగడం మొదలుపెట్టింది.

కారు మాత్రం కదల్లేదు. రిపేర్ చేయించిన రుణం తీర్చుకుందామని, తాజా గాలి కొట్టడానికి రజాక్ దాని నాలుగు టైర్లలో పాత గాలి ముందే తీసేశాడు. ధర్మేందర్ వచ్చి కారు తలుపు లాగగానే ఎలీసబెతు చేతులు పైకెత్తింది.

"అయ్యో, మేడమ్‌ను ఎందుకు వట్టుకుంటున్నవ్ సేట్?" రజాక్ గొణిగాడు.

"నీ ట్యాంకులో బాంబు పెట్టింది గనక."

రజాక్ నోరు తెరిచాడు. ట్యాంకు వైపు చూశాడు, ధర్మేందర్ చెవి వైపు చూశాడు.

"మెల్లగ అన్నా ఇనవడ్తదా నీకు? పొద్దుగాల కెల్లి ఒర్రి ఒర్రి నా గొంతు పాయె గదనే!"