వద్దన్న కుమిస్ గిన్నె

"ఏమమ్మాయ్, మా గుడారంలో కూర్చుని మా కుమిస్సే వద్దంటావా?"

బర్చిన్ గొంతు ఖంగుమంది. బంధువులంతా తలలు తిప్పారు. గుర్రప్పాలు పులియబెట్టిన కుమిస్ ఆ రోజు ఎంత చిలికినా పొంగక, ఆవిడ అసలే చిర్రుబుర్రులాడుతోంది. పైగా మొదటి గిన్నె ఇస్తే ఈ పశువుల డాక్టరమ్మ చేయి అడ్డం పెట్టింది!

"ఈ రోజుకి వద్దండీ," అంది జిబెక్ తల దించుకుని.

"పట్నం చదువులు మరి!" అని దెప్పింది ఓ పిన్ని.

బర్చిన్ కొడుకు ఎల్దియార్ తల పట్టుకున్నాడు. నాలుగు రోజుల కిందట బూడిదరంగు గుర్రానికి పొదుగువాపు వస్తే జిబెక్ సూది వేయడానికి వచ్చిన రోజునుంచీ అతనికి మరో ధ్యాస లేదు. అమ్మకి చూపించి పెళ్లి మాట ఎత్తుదామని, గుర్రం వంక పెట్టి ఇవాళ మళ్ళీ పిలిచాడు. అంతా అయిపోయింది!

జిబెక్ విసురుగా బయటికి నడిచింది. సన్నగా చినుకులు పడుతున్నాయి. ఎల్దియార్ వెనకే పరుగెత్తాడు.

"ఒక్క గుక్క తాగితే మీ సొమ్మేం పోయిందండీ?"

"ఆ గుర్రం నిన్నా మొన్నా నిండుగా పాలిచ్చిందని ఇందాక గొప్పగా చెప్పారుగా? ఆ పాలు ఎక్కడ పోశారు?"

"కుమిస్ సంచిలోనే..."

"వారందాకా పారబొయ్యమని చెప్పానా లేదా? మందు పాలలోకి దిగి పులవనివ్వదు. అందుకే అది పొంగట్లేదు!"

ఎల్దియార్ నోరు తెరిచాడు. "మరి లోపలే చెప్పొచ్చుగా?"

"చుట్టాల ముందు మీ అమ్మగారి కుమిస్ చెడిపోయిందననా? నన్ను పొగరుబోతనుకుంటే అనుకోనీండి. ఎవరూ తాగకముందే మీరే ఆపండి, వెళ్ళండి!"

ఒక్క ఉరుకున లోపలికి దూకాడు. "అమ్మా, పొయ్యకు! మందు వేసిన గుర్రం పాలు నేనే కలిపేశాను. నీ పరువు పోకూడదని ఆవిడ మాట పడింది."

"ఆ పిల్ల నీకు చెప్పలేదా?"

"చెప్పింది. వినలేదు."

"చెవులేమయ్యాయిరా?"

"చెవులు బానే ఉన్నాయి," ఎల్దియార్ మొహం కందగడ్డయింది. "తను చెబుతున్నంతసేపూ తన మొహమే చూస్తూ కూర్చున్నా. ఒక్క ముక్క ఎక్కలేదు."

గుడారం గొల్లుమంది. గుమ్మం దగ్గర నిలబడ్డ జిబెక్ కూడా నవ్వాపుకోలేకపోయింది.

బర్చిన్ నవ్వలేదు. తోలుసంచిని ఈడ్చుకెళ్ళి వానలో బోర్లించి వచ్చింది. చేతులు తుడుచుకుని, తన వెండి జూకాలు తీసి జిబెక్ చెవుల దగ్గర పెట్టింది. వాళ్ళలో అత్త జూకాలు పెట్టిందంటే సంబంధం ఖాయమే.

"నా పరువు నీ పరువనుకున్నావు. ఇంతకన్నా మంచి కోడలు నాకెక్కడ దొరుకుతుంది తల్లీ!"

జిబెక్ సిగ్గుపడుతూనే ఆవిడ చేయి పట్టుకుంది. "ఆగండత్తయ్యా. మీ అబ్బాయి నన్నింకా ఏమీ అడగలేదు."

అందరూ ఎల్దియార్ వైపు తిరిగారు. అతను ఒక్క అడుగు ముందుకేశాడు.

"నన్ను... చేసుకుంటారా?"

"చేసుకుంటాను."

ఎల్దియార్ కదలడు, మెదలడు. ఆ మొహం వైపే చూస్తూ నిలబడిపోయాడు.

"ఒరేయ్, ఏమందో విన్నావా?" అని బర్చిన్ వాడి వీపు మీద ఒక్కటిచ్చింది.

"ఇది మాత్రం విన్నానమ్మా!"