ఎదురు చోటు

ఆ దీవిలో కొత్త ఉన్నిగుడ్డ చిక్కబడాలంటే దాన్ని పాత ఉచ్చలో నానబెట్టి, ఆడవాళ్లంతా బల్లకి అటూ ఇటూ కూర్చుని, పాట పాడుతూ బాదాలి. అందుకని నెల్లాళ్లుగా ఊరంతా కుండల్లో దాచింది. ఎఫీ ఇంటి నుంచి రెండు కుండలొచ్చాయి. మరే విషయంలోనూ ఆవిడది అంత పెద్ద చెయ్యి కాదు.

ఆ మధ్యాహ్నం బాదుడు బెహాగ్ ఇంట్లో. గుడ్డ ఆమె మొగుడు టొర్కిల్ కోటుకి. అతను పొద్దున్నే చేపలకి వెళ్లాడు. చలికాలం కదా, మూడింటికే చీకటి పడింది. గాలి లేచింది. పడవ ఇంకా రాలేదు.

"కోటు మా ఆయనకి ఇచ్చెయ్యవే, నీ మొగుడికి చలి తెలీదుగా," అంది ఎఫీ.

"మీ ఆయనకి కోటెందుకు వదినా? పొయ్యి దగ్గర్నుంచి లేస్తేగా!"

అందరూ నవ్వారు. మొత్తం ఏడుగురు. బెహాగ్‌కి ఎదురు చోటు ఖాళీ. అది మార్సలీది. పోయిన నెలే ఆవిణ్ణి పూడ్చారు.

ఒక గుడ్డ మీద పాడిన పాట మళ్లీ దాని మీద పాడకూడదు. పాడితే అది తొడుక్కున్నవాడు సముద్రం పాలే. మూడేళ్ల కిందట మార్సలీ కొడుకు గుడ్డ మీద నల్లదూడ పాట రెండోసారి ఎత్తుకున్నది బెహాగే. పరధ్యానం. కుర్రాడు ఆ కోటుతోనే మునిగాడు. మార్సలీ ఒక్క మాటా అనలేదు. ఎదురుగా కూర్చుని బెహాగ్ చేతుల్నే చూసేది. అనాల్సినవన్నీ ఆవిడ తరఫున ఊరే అంది.

ఇవాళ నల్లదూడ పాట మొదట్లోనే అయిపోయింది. బెహాగ్ తోసిన గుడ్డ ఎదర ముడుచుకుపోతోంది. అటు నుంచి తోసేవాళ్లు లేరు.

ఉన్నట్టుండి... తిరిగొచ్చింది.

దప్... దప్... తడిగుడ్డ బెహాగ్ వేళ్లకి తగిలింది. చల్లగా. ఉచ్చ కంపులోంచి సముద్రపు నాచు వాసన...

ఎవరో పాట ఎత్తుకున్నారు. సన్నగా.

నల్లదూడ పాట.

"ఎవరే అది?" గొణిగింది బెహాగ్.

"నేను కాదు... ఒట్టు, నేను నోరే తెరవలేదు," అంది ఎఫీ. జన్మలో ఆవిడ ఆ మాట నిజంగా అనగలిగింది అదొక్కసారే.

ఏడు నోళ్లూ మూసే ఉన్నాయి. పాట చివరిదాకా సాగింది.

బెహాగ్ గుడ్డ లాక్కుని పరిగెత్తింది. ఎవరూ తొడుక్కోకపోతే ఎవరికీ ఏమీ కాదు. రాళ్లు చుట్టి, ఇంటి వెనక మడుగులో పడేసింది. పూర్తిగా మునిగేదాకా నిలబడి చూసింది.

తిరిగొచ్చేసరికి ఆడవాళ్లు లేరు. గుమ్మంలో టొర్కిల్. బతికే ఉన్నాడు.

"ఏడుస్తావేమే? వలలు నీళ్లలోనే వదిలొచ్చా, తెల్లారగానే మళ్లీ వెళ్లాలి. చలికి చచ్చేవాణ్ణే. రేవులో ఎవరో ముసలమ్మ ఈ కోటు తొడిగింది. చీకట్లో మొహం కనబడలేదు. వాళ్లబ్బాయి కోటట, వాడిదీ నా ఒళ్లేనట."

"విప్పెయ్..." బెహాగ్ కోటు పట్టుకుని గుంజింది.

"అదే చూస్తున్నా. ఎలా విప్పాలే ఇది?"

ఆమె దీపం దగ్గరికి తెచ్చింది. కోటు నీళ్లోడుతోంది. నాచు వాసన. గుండీలు లేవు. మెడ నుంచి మోకాళ్ల దాకా కలిపి కుట్టేసి ఉంది.

చివర దారానికి సూది ఇంకా ఊగుతోంది.