ఔసేప్పు ముక్క

ఆ గురువారం సాయంత్రం మా వంటింట్లో కొబ్బరిపాలూ బెల్లమూ కలిసి మరుగుతున్న వాసన. ఏడాది మొత్తంలో నాకు బాగా ఇష్టమైన వాసన అది. కిటికీలోంచి కాలువ కనిపిస్తోంది. అవతలి గట్టు మీద కొబ్బరిచెట్లు వంగి నీళ్ళలో తమ ముఖాలు చూసుకుంటున్నాయి. మామూలుగా అయితే నేను అలా చూస్తూ లోకం మరిచిపోయేదాన్ని. ఆ రోజు మాత్రం మనసు నిలవలేదు. కూర్చున్నాను, లేచాను, నీళ్ళు తాగాను, మళ్ళీ కూర్చున్నాను.

అమ్మ అప్పం చేస్తోంది.

ప్రభువు శిష్యులతో ఆఖరి భోజనం చేసిన రోజది. కేరళలోని మా కుట్టనాడులో క్రైస్తవుల ఇళ్ళన్నిటా ఆ సాయంత్రం పులియని అప్పం ఆవిరి మీద ఉడుకుతుంది. దాని నడుమ కొబ్బరాకు శిలువ పెడతారు. ఇంటి పెద్ద కోసి, వయసు వరసన ఇస్తాడు. రెండు చేతులూ చాచి తీసుకోవాలి. ఏడాదిలోపు చావు జరిగిన ఇంట్లో మాత్రం అప్పం చేయరు. ఇరుగుపొరుగు తెచ్చి పెట్టాలి.

మా అన్నయ్య ఔసేప్పు ఆల్చిప్పలు ఏరడానికి సరస్సులోకి వెళ్ళి నలభై రోజులైంది. పడవ దొరికింది. అన్నయ్య దొరకలేదు.

"చావింట్లో అప్పమేమిటే మరియా?" అన్నాడు అప్పచ్చన్. మా తాతను అలాగే పిలుస్తాం. మోకాళ్ళు పట్టేసి రెండేళ్ళుగా కుర్చీ దాటడు గానీ నోరు గట్టు చివరిదాకా వినిపిస్తుంది.

"చావిల్లని ఎవరన్నారు?" అమ్మ గరిటె పైకెత్తింది. "శవాన్ని చూశారా? గుంట తవ్వారా? అప్పం మానేస్తే నా కొడుకు పోయాడని నేనే ఊరంతా చాటినట్టు. నేను చాటను."

"నువ్వు చాటకపోతే నీళ్ళు తిరిగిస్తాయా?"

"మీరు కొయ్యండి అప్పచ్చా. మిగతాది నేను చూసుకుంటా."

ఆయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. అమ్మ ఈ మధ్య రేవు మెట్ల మీద కూర్చుని నీళ్ళతో మాట్లాడుతోంది. మొన్న ఒక మెట్టు కిందికి దిగింది. నిన్న రెండు. అన్నయ్య ఎలాగూ లేడు, అమ్మ కూడా ఆ నీళ్ళలోకే నడిచిపోతుందేమో... ఆ ఒక్క ఆలోచనే నన్ను కూర్చోనివ్వడం లేదు. ఆపే ధైర్యం నాకెక్కడిది? "పిల్లి తుమ్మినా దుప్పట్లో దూరుతుంది మా రాణీగారు" అని అన్నయ్య ఊరంతా చెప్పి నవ్వేవాడు.

చీకటి పడింది. దీపం వెలిగించాం. అప్పచ్చన్‌కి చూపు ఆనక ఈసారి సువార్త నన్ను చదవమన్నాడు. ప్రభువు తోటలో ఒంటరిగా, నేల మీద పడి, ఈ గిన్నె నాకొద్దని తండ్రిని బతిమాలుకున్న భాగం. చెమట రక్తంలా కారిందన్న చోట గొణిగేశాను.

"గట్టిగా చదవవే, దోమలు కూడా వినాలి" అన్నాడు అప్పచ్చన్.

తర్వాత కత్తి తీసుకుని మూడు ముక్కలు కోశాడు.

"నాలుగు" అంది అమ్మ. "ఔసేప్పు ముక్క ఏది?"

ఆయన గొంతు తగ్గించాడు. "వద్దే తల్లీ. పోయినవాడి పేరు పెట్టి ముక్క కొయ్యకూడదు. ఆ పేరు చెప్పుకుని ఎవరో ఒకరు వస్తారు."

"రానివ్వండి. నాకు కావలసిందీ అదే."

ఆయన మళ్ళీ కత్తి అందుకున్నాడు. కోశాడు.

కరెంటు పోయింది.

వేసవి ఉరుమొకటి దూరంగా దొర్లింది. వాన లేదు, గాలి లేదు. కాలువ ఒడ్డున అంతసేపూ అరుస్తున్న కప్పలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో... నీళ్ళలో గడకర్ర దిగిన చప్పుడు.

మళ్ళీ.

మళ్ళీ... ఇంకా దగ్గరగా.

కుళ్ళిన ఆల్చిప్పల వాసన గుమ్మం దాటి లోపలికి వచ్చింది. పడవ మా రేవు రాతికి తగిలింది.

"అమ్మా..."

అన్నయ్య గొంతే. అచ్చంగా అన్నయ్యదే.

"అమ్మా... నా ముక్క..."

అమ్మ ముఖం వెలిగిపోయింది. అంత అందంగా అమ్మను ఎన్నడూ చూడలేదు నేను. నాలుగో ముక్క పట్టుకుని బయటికి నడిచింది.

"త్రేస్యా! పట్టుకోవే దాన్ని!" అప్పచ్చన్ లేవబోయి కుర్చీలో కూలబడ్డాడు.

నా కాళ్ళు కదల్లేదు. మెట్టు మీద అమ్మ అడుగు వినపడింది... ఇంకో అడుగు... నీళ్ళు కదిలిన చప్పుడు...

అప్పుడు ఇందాక చదివింది గుర్తొచ్చింది. ప్రభువుకూ భయం వేసింది. ఇదే రాత్రి. నాలాగే వణికాడు, వద్దన్నాడు. ఆ వణుకుతోనే లేచి ఎదురు నడిచాడు.

ప్రభూ, నాకు ధైర్యం లేదు. నువ్వు నా పక్కన నడువు.

దీపం తీసుకుని వెళ్ళాను.

అమ్మ మోకాలి లోతు నీళ్ళలో ఉంది. ఎదురుగా పడవ. పడవలో ఎవరో వంగి కూర్చున్నారు. ముఖం కనపడలేదు. నేను నీళ్ళలోకి దిగి ఒక చేత్తో అమ్మ నడుము చుట్టేశాను. దీపం అమ్మ చేతికిచ్చి, అప్పం ముక్క లాక్కున్నాను.

"వదలవే! వాడికి ఆకలేస్తోంది!"

"ఇస్తానమ్మా. నేనే ఇస్తాను." నా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. పడవ వైపు తిరిగాను. "మా ఇంటివాడివైతే మా ఇంటి పద్ధతి తెలిసుండాలి. రెండు చేతులూ చాచు."

నీళ్ళు కదల్లేదు.

ఒక చెయ్యి ముందుకొచ్చింది. నాని, ముడతలు పడి, తెల్లగా...

"రెండోది."

రెండోదీ వచ్చింది. అరచేతులు పక్కపక్కన పెట్టింది. అమ్మ దీపం ఎత్తింది.

రెండు బొటనవేళ్ళూ ఒకే వైపున్నాయి.

రెండూ ఎడమ చేతులే.

అమ్మ ఒళ్ళు కర్రలా బిగిసింది. "వీడు... నా బిడ్డ కాదు" అంది, ఊపిరితో.

నేను పరలోక ప్రార్థన మొదలుపెట్టాను. చిన్నప్పటి నుంచి రోజూ చెప్పేది, నడిమధ్యలో మరిచిపోయాను. ఒక్క మాటా రాలేదు. ఆ చేతులు అలాగే చాచి ఉన్నాయి. మరిచిపోయిన చోటు నుంచి అమ్మ అందుకుంది. మెల్లగా, బొంగురుగా... ఇద్దరం కలిసి ఆమేన్ అన్నాం.

గడకర్ర చప్పుడు మళ్ళీ వినిపించింది. పడవ వెనక్కి పోలేదు. ఆ చప్పుడు మా పాదాల అడుగుకి, ఇంకా అడుగుకి దిగిపోయింది...

కప్పలు అరవడం మొదలైంది.

అమ్మ మెట్టు మీద కూలబడింది. నలభై రోజుల్లో మొదటిసారి ఏడ్చింది. "పోయాడే త్రేస్యా... నా ఔసేప్పు పోయాడే..." నేను కూడా ఏడ్చాను. అమ్మ తల నా గుండెకి హత్తుకుని, నాకు దక్కిందిలే, దక్కిందిలే అనుకున్నాను.

అమ్మను లోపలికి తెచ్చి చీర మారుస్తుండగానే గట్టు మీద టార్చిలైటు కదిలింది. పక్కింటి ఏలియామ్మ చేచ్చి. మా వైపు అక్కని చేచ్చి అంటాం. అరిటాకు కప్పిన పళ్ళెం పట్టుకొచ్చింది, కళ్ళు తుడుచుకుంటూ.

"తీసుకో మరియా. ఇన్నాళ్ళకైనా ఒప్పుకున్నావు, అదే పదివేలు."

అమ్మ రెండు చేతులా పళ్ళెం అందుకుంది. అందుకున్నాక అడిగింది. "ఒప్పుకున్నానని నీకెవరు చెప్పారు ఏలీ?"

"అదేంటి? దీపాలవేళ మీ త్రేస్యే మా రేవుకొచ్చి చెప్పిందిగా. పైకి రావే పిల్లా అంటే రాలేదు, పడవలోంచే కేకేసింది. 'ఇంట్లో చావు జరిగింది చేచ్చీ, అప్పం పంపండి' అని."

దీపాలవేళ నేను సువార్త చదువుతున్నాను.

అప్పచ్చన్ నా వైపు చూశాడు. అమ్మ మెల్లగా అరిటాకు తీసింది. పళ్ళెంలో రెండు ముక్కలున్నాయి.

"నాకూ అదే అర్థం కాలేదు" అంది ఏలియామ్మ చేచ్చి. "మీరు ముగ్గురు కదా, మూడు పంపుతానంటే, వద్దు, ఇద్దరికి చాలు అందేంటి?"