సాయంత్రం మాత్ర

బెంగళూరు బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. మారెక్క దారిలో తినడానికి బొరుగుల ఉగ్గాని డబ్బాకెత్తుతోంది. కూతురు హేమావతి ఆసుపత్రి ఫైలు సంచిలో పెడుతుండగా ఫోన్ మోగింది. అటువైపు కొత్త మందు పరీక్షలు చూసే నర్సు కృపాకుమారి.

"మీ నాన్నగారు రెండు పూటలా మాత్ర వేసుకుంటున్నారా అమ్మా? పోయిన వారం తీసిన రక్తంలో మందు సగమే కనిపిస్తోంది."

"వేసుకుంటాండాడు మేడం. నేనే పుస్తకంలో టిక్కు పెడతాండా" అంది హేమావతి. అన్నాక పుస్తకం తెరిచి చూసుకుంది. పొద్దున మాత్ర కళ్లారా చూస్తోంది. సాయంత్రం మాత్ర మాత్రం, చిన్నాయన ఇంట్లో కూర్చుని వేసుకుంటానని నాయన జేబులో వేసుకుపోతాడు. చూడకుండానే టిక్కు పెట్టింది తను.

హేమావతి నాయన ఓబుళేసు, చిన్నాయన అంజినప్ప అన్నదమ్ములు. ముప్పై ఏళ్లు కంబదూరు చుట్టుపక్కల ఇళ్లకూ కొట్టాలకూ సిమెంటు రేకులు కప్పారు. అన్న కోసేవాడు, తమ్ముడు రేకు కదలకుండా పట్టుకునేవాడు. ఆ తెల్లటి దుమ్ము ప్రాణం తీస్తుందని వాళ్లకు చెప్పిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. నిరుడు మూడు నెలల తేడాతో ఇద్దరికీ ఒకటే జబ్బు బయటపడింది, ఊపిరితిత్తుల మీది పొరకు వచ్చే క్యాన్సర్. గడ్డలో ఒక గుర్తు ఉన్నవాళ్లకే ఇచ్చి చూస్తున్న మందు ఒకటుందన్నారు డాక్టర్లు. ముక్క తీసి పరీక్షిస్తే అన్నకు ఆ గుర్తుంది, తమ్ముడికి లేదు.

ఓబుళేసు అరుగు మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నాడు. వంగినప్పుడల్లా ఎగరొప్పు.

"నాయనా, సాయంత్రం మాత్ర యాడికి పోతాంది?"

ఆయన రెండో చెప్పు అందుకున్నాడు.

"చిన్నాయనకు ఇస్తాండావు కదా?"

"ఇస్తాండా. ఏమిప్పుడు?"

మారెక్క గరిటెతోనే గడపలోకి వచ్చింది. "నీకేమైనా మతి పోయిందా? ఆ మందు కోసం ఎన్ని ఆసుపత్రులు తిరిగితిమి" అంది.

"చిన్నాయనకు అది పనిచెయ్యదని డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పినాడు నాయనా. ఆయనకు మేలు లేకపోగా కీడు జరగొచ్చు. నీకు చూస్తే సగం మందే పడతాంది. ఇది తెలిస్తే నిన్ను ఆ పరీక్షలోంచి తీసేసినా తీసేస్తారు."

"తీసేయనీ." ఓబుళేసు చెప్పు పక్కన పెట్టాడు. "నేను కోస్తాంటే వాడు రేకు పట్టుకున్నాడు. దుమ్ము ఇద్దరమూ మింగినాం. మందు నాకొక్కడికేనా? గుర్తు ఉండాదంట, లేదంట. ఒక తల్లి కడుపున పుట్టినోళ్లకు గుర్తులేమప్పా?"

హేమావతికి ఆయన మీద కోపం, జాలి ఒక్కసారే వచ్చాయి.

రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒకటే గోడ. ఇక్కడ దగ్గినా అక్కడ వినిపిస్తుంది. అంజినప్ప గోడ పట్టుకుంటూ మెల్లగా వచ్చాడు. చేతిలో పాత పౌడరు డబ్బా ఉంది. అరుగు మీద తువ్వాలు పరిచి, డబ్బాను దాని మీద బోర్లించాడు. గలగలా మాత్రలు రాలాయి.

"రెండు తక్కువ అన్నా. మొదటి రెండు రోజులు మింగినా. ఆశ పడినా, అబద్ధమెందుకు. ఆ మరుసటి దినం నువ్వు మా ఇంటి మెట్టెక్కలేక నిలబడిపోతివి. నీ ఊపిరి నేను తింటాండానని అప్పుడు తెలిసె."

"రోజూ నా ఎదురుగానే నీళ్లు తాగితివి కదరా."

"చెంపలో పెట్టుకుంటి. వద్దంటే నీ పొద్దుటి మాత్ర కూడా కాలవలో పారేస్తానని ఒట్టేస్తివి. నేనేం చేయల్ల?"

ఓబుళేసు ఆ మాత్రల వంక చూస్తూ ఉండిపోయాడు. తను త్యాగమనుకున్నది తమ్ముడికి ఇన్నాళ్లూ ఎంత బరువైందో ఇప్పుడు అర్థమైంది. మారెక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

హేమావతి కృపాకుమారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. "మిగిలిన మాత్రలన్నీ తీసుకురండి, పోయిన పూటలవి కలిపి వేయొద్దు. మీ చిన్నాన్నగారినీ ఒకసారి చూపించండి. మీ నాన్నగారిని పరీక్షలో ఉంచాలో తీసేయాలో డాక్టరు గారు చెప్పాలి. నిజం చెప్పారు, అది మంచిదైంది" అంది కృపాకుమారి. బెంగళూరులో రక్తం తీసేవరకు ఆగనక్కర్లేదు, ఇవాళ పొద్దుటి మాత్ర ఎప్పటిలాగే వేయమంది.

హేమావతి సీసాలోంచి మాత్ర తీసింది. అంజినప్ప చెయ్యి చాచాడు. "నాకియ్యి పాపా."

అన్న అరచేతిలో మాత్ర పెట్టి, నీళ్ల చెంబు అందించాడు. ఓబుళేసు మింగాడు. కళ్ల నుంచి నీళ్లు గడ్డం మీదికి జారుతున్నా తుడుచుకోలేదు.

"నోరు తెరువన్నా" అన్నాడు అంజినప్ప, గడ్డం పట్టుకుని. "చెంపలో పెట్టుకునింటావేమో, చూడల్ల."

ఓబుళేసు చిన్నపిల్లాడిలా నోరు తెరిచాడు.