ఏడు నీళ్ళ సీసాలు

ఆ ఉదయం కూడా సాంగ్‌డొక్ ఫోను అన్నం గిన్నె పక్కన పెట్టుకునే తింటున్నాడు. పదకొండు రోజులుగా ఆయన తిండి అలాగే సాగుతోంది. భార్య మల్‌సుక్ తన చెల్లెలు మియొక్‌ని వెంటబెట్టుకుని నాలుగు దేశాలు చూసొస్తానని వెళ్ళింది. ఆమె చేతిలో ఉన్నది ఆయన కార్డుకు జత కార్డు. ఆమె ఏ దేశంలో గీకినా ఇక్కడ బూసాన్‌లో, కొండవాలున ఉన్న వాళ్ళ వంటింట్లో, ఈయన ఫోను టింగుమంటుంది.

ముప్పై మూడేళ్ళు బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్న మనిషి. రిటైరై ఆరేళ్ళవుతున్నా ఆ కౌంటరును ఇంటికి మోసుకొచ్చి మరీ కూర్చున్నాడు. భార్య లాండ్రీలో పనిచేసి సొంతంగా కూడబెట్టుకున్న డబ్బుతో ప్రయాణమంటే కాదనడానికి నోరు రాలేదు గానీ, ఆమె పాస్‌పోర్టు అట్టలో ఒక కాగితం మడిచి పెట్టాడు. ఏ దేశంలో ఉంటే ఆ దేశం డబ్బులోనే చెల్లించు, యంత్రం మన కొరియా వాన్లలో తీసుకుంటానంటే వద్దను, మార్పిడికి అదనంగా గుంజుతారు. ఏటీఎమ్ జోలికి పోకు. చిన్నాచితకా వాటికి కార్డు తీయకు, గీకిన ప్రతిసారీ అర డాలరు రుసుము పడుతుంది. ఆమె దాన్ని చదివి, మడిచి, అక్కడే పెట్టేసుకుంది.

హనోయ్‌లో కాఫీ తాగి, యంత్రం అడిగినప్పుడు కళ్ళకు తెలిసిన కొరియా అక్షరాలు కనబడ్డాయని సంతోషపడి వాన్లనే నొక్కింది. ఆ పూట ఫోన్లో పావుగంట తిట్లు తింది.

"కాఫీ కంటే రుసుమే చేదుగా ఉందే! చదువుకున్నదానివేనా?"

"ఏమండీ, నేను చూసిన సరస్సు గురించి అడగరేం?"

"సరస్సుకు రుసుము లేదుగా, దాని గురించి ఎందుకు అడుగుతా?"

ఆమె నవ్వలేదు. ఆ సాయంత్రమే ఈయన కార్డు కంపెనీకి చెప్పి, విదేశాల్లో ఆ కార్డు మీద వాన్లలో చెల్లింపు అసలు జరగకుండా తాళం వేయించాడు. ఆ సంగతి భార్యకు చెప్పలేదు. చెబితే ఇంకెప్పటికీ నేర్చుకోదని ఆయన లెక్క.

తాళాలు వేయడం ఆయనకు కొత్త కాదు. పై వీధి ముసలాయన ఎవరో ఫోన్ మోసగాళ్ళ మాట నమ్మి జీవితకాలం దాచుకున్నది పోగొట్టుకున్నప్పటి నుంచీ, బయటి దేశాల నుంచి వచ్చే కాల్స్ ఏవీ తన ఫోన్లో మోగకుండా చేసిపెట్టుకున్నాడు. మల్‌సుక్ మాట్లాడాలంటే చాట్ యాప్‌లోంచే మాట్లాడాలి. రెండు రోజులుగా ఆమె అదీ మాట్లాడలేదు. ఈయన పంపిన మెసేజ్‌లు చదివినట్టు గుర్తు కూడా రాలేదు. కార్డు టింగుమంటోంది కదా, మనిషి బాగానే ఉందన్నమాట అనుకుని ఊరుకున్నాడు.

ఏడూ నలభై ఒకటికి ఫోను మోగింది. థాయ్‌లాండ్, చియాంగ్ రాయ్. నలభై రెండు లక్షల వాన్లు. తిరస్కరించబడింది, విదేశాల్లో వాన్ చెల్లింపు నిషేధం.

సాంగ్‌డొక్ చేతిలో చెంచా ఆగిపోయింది. నలభై రెండు లక్షలు! మల్‌సుక్ జన్మలో అంత మొత్తం ఒక్కసారి ఖర్చు పెట్టలేదు. నిమిషం తర్వాత అదే మొత్తం మళ్ళీ వచ్చి, మళ్ళీ తిరస్కారమైంది. భయం పోయి ఆయనకు గర్వం వచ్చింది. తన తాళమే దొంగను పట్టుకుంది మరి. 'కార్డు ఎక్కడుంది? చూసుకో' అని భార్యకు మెసేజ్ పెట్టాడు. అక్కడింకా తెల్లవారలేదు, నిద్రపోతూ ఉంటుందనుకున్నాడు.

తర్వాత చిన్నవి మొదలయ్యాయి. పదిహేను థాయ్ బాట్లు, ఆమోదం. రెండు నిమిషాలకు మళ్ళీ పదిహేను బాట్లు. అదే కొట్టు, అదే మొత్తం. నీళ్ళ సీసా ధర అయి ఉంటుంది. మూడోది, నాలుగోది. రుసుము నీళ్ళ ధరను మించిపోతోంది. ఈసారి ఈయనకు కోపం రాలేదు, అనుమానం వచ్చింది. కౌంటరు వెనక ఇలాంటివి ఎన్నో చూశాడు. దొంగ చేతిలో పడ్డ కార్డు మొదట చిన్న మొత్తాలతోనే గీకబడుతుంది, బతికే ఉందో లేదో చూసుకోవడానికి. ఏడోది మోగగానే లేచి కార్డు కంపెనీకి ఫోన్ చేశాడు.

"దొంగతనం. వెంటనే ఆపేయండి. ముందు ఆపండి, ప్రశ్నలు తర్వాత."

కార్డు ఆగిపోయింది. ఆయన తిరిగి కూర్చుని, చల్లారిన సోయా పులుసు మళ్ళీ వేడి చేసుకుని, ముల్లంగి కిమ్చీ నంజుకుంటూ తృప్తిగా రెండో గిన్నె అన్నం తిన్నాడు. ఫోను మళ్ళీ మోగలేదు. ఆ నిశ్శబ్దం ఆయనకు ఎంతో హాయిగా అనిపించింది.

కూతురు యున్‌సొ తొమ్మిదిన్నరకు ఇల్లు చేరింది. రేవులో తెల్లవారుజామున జరిగే చేపల వేలంలో పెట్టెలకు చీటీలు అంటించే పని ఆమెది. రబ్బరు బూట్లు గుమ్మం దగ్గర విడిచేలోగానే తండ్రి తన ఘనకార్యం మొదలుపెట్టాడు.

"మీ అమ్మ కార్డు పోగొట్టుకుంది. నేను లేకపోతే ఈపాటికి నలభై రెండు లక్షలు గోవిందా!"

"అమ్మ చెప్పిందా పోయిందని?"

"ఆవిడెక్కడ చెప్పింది? రెండు రోజులుగా మెసేజే చూడట్లేదు."

యున్‌సొ చెయ్యి బూటు మీదే ఆగింది. "రెండు రోజులా? మరి నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"కార్డు మోగుతోందిగా!"

"కార్డు మోగితే అమ్మ బాగున్నట్టా? ఏదీ, ఫోనిలా ఇవ్వు."

ఆమె నిలబడే చదివింది. తడి చేతులతో స్క్రీను మీద పైకీ కిందికీ జరుపుతూ చదివింది.

"దొంగ ఏడుసార్లు నీళ్ళు కొన్నాడా?"

"పరీక్షించుకుంటాడే! నీకు తెలీదు. ముప్పై మూడేళ్ళు..."

"నాన్నా, పరీక్షకు ఒకసారి చాలదూ? ఏడుసార్లు ఎందుకు? పైగా పెద్ద మొత్తం ముందు అడిగి, చిన్నవి తర్వాత గీకుతాడా ఎవడైనా?"

అది సాంగ్‌డొక్‌కు తట్టలేదు. యున్‌సొ ఆ కొట్టు పేరు తన ఫోన్లో వెతికింది. మెసేజ్‌లో పేరు సగంలోనే తెగిపోయి ఉంది గానీ, మిగతా సగం దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఇది ఆస్పత్రి లోపల ఉన్న కొట్టు," అంది.

కింద రేవులో ఓడల మీద తుప్పు కొట్టే సుత్తుల చప్పుడు ఒక్కటే ఇంట్లో వినబడుతోంది. యున్‌సొ ఇంకేమీ అడగకుండా, తండ్రి ఫోన్లో మోగకుండా ఆపేసిన కాల్స్ చిట్టా తెరిచింది. ఉదయం ఏడూ యాభై నుంచి ఎనిమిదీ నలభై దాకా తొమ్మిది కాల్స్. అన్నీ థాయ్‌లాండ్ నుంచి, ఒకే నంబరు.

"తొమ్మిదిసార్లు చేసింది నాన్నా." ఆమె ఆ చిట్టా ఆయన ముందు పెట్టింది. "అమ్మకు గుర్తున్న నంబరు నీదొక్కటే. నాది ఫోన్లో చూసి నొక్కుతుంది."

ఆస్పత్రి. ఎవరు పడుకుని ఉన్నారు అక్కడ? ఆయనకు అడగాలంటే భయమేసింది. యున్‌సొ ఆ నంబరుకు తిరిగి కాల్ చేసి స్పీకరు పెట్టింది. ఎవరో అమ్మాయి అర్థంకాని భాషలో ఏదో అంది. చెప్పుల చప్పుడు దూరమై, చాలాసేపటికి మళ్ళీ దగ్గరైంది.

"హలో?"

మల్‌సుక్ గొంతే. సాంగ్‌డొక్ గోడకు ఆనుకున్నాడు.

"అమ్మా! ఏమైందమ్మా?"

"యున్‌సొవా? పిన్నికి అపెండిక్స్ పగిలిందే. రాత్రంతా కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది. డాక్టరు కొయ్యాలంటున్నాడు, లక్ష బాట్లు, మన నలభై రెండు లక్షలు, ముందు కట్టాలంటున్నారు. ఇంకో ఆస్పత్రి గంటన్నర దూరమట, కదిలిస్తే ప్రమాదమట. నా ఫోను మొన్న పడవలోంచి మెకాంగ్ నదిలో పడిపోయింది. మియొక్ ఫోను తెరవడం నాకు రాదు, దాని కార్డులో డబ్బు లేదు. ఈ నర్సు ఫోన్‌తో ఎన్నిసార్లు చేశానో..."

"మల్‌సుక్," అన్నాడు సాంగ్‌డొక్.

అవతల ఆమె ఆగింది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ గొంతులో కంగారు లేదు. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

"ఉన్నారా? యంత్రం దానంతటదే వాన్లలో లెక్కేసింది. మార్చమనే మాట నాకొచ్చిన భాషలో వాళ్ళకు అర్థం కాలేదు. రెండుసార్లూ పోలేదు. కింద కొట్లో నీళ్ళకు గీకితే పోయింది. అప్పుడు అనిపించింది, ఇది మోగితే ఇంట్లో మీరు చూస్తారు కదా అని. ఒక్క సీసాకైతే విసుక్కుని వదిలేస్తారు. వరసగా కొంటే కొట్టు పేరు చదువుతారు, ఆస్పత్రి అని తెలుస్తుంది, ఏదో జరిగిందని ఫోన్ తాళం తీస్తారు అనుకున్నా. మన ఇంటికి నేను కొట్టగలిగిన గంట అదొక్కటే."

"నేను... దొంగ అనుకుని..."

"ఎనిమిదో సీసాకు కార్డు పనిచేయలేదు. అప్పుడు తెలిసింది, మీరు చూస్తూనే ఉన్నారని. చూసే ఆపేశారని."

యున్‌సొ ఫోను దగ్గరికి తీసుకుని, "అమ్మా, పది నిమిషాలు. కౌంటరు దగ్గరే ఉండు. థాయ్ డబ్బులోనే కొట్టమని నేను నర్సుకు రాసి పంపిస్తా," అని పెట్టేసి, తండ్రి చేతిలో ఫోను పెట్టింది.

"చెయ్యి. నీ తాళాలన్నీ తియ్యి."

కార్డు కంపెనీ వాళ్ళ ప్రశ్నలకు ఆయన నత్తి నత్తిగా జవాబులు చెప్పాడు. పుట్టిన తేదీ ఒకసారి తప్పు చెప్పాడు. పదీ పన్నెండుకు ఫోను టింగుమంది. లక్ష బాట్లు, ఆమోదం. అక్కడి నుంచి మరే మెసేజూ లేదు, మరే కాలూ లేదు.

మధ్యాహ్నం వానపట్టి సుత్తుల చప్పుడు కూడా ఆగిపోయింది. యున్‌సొ తన సంచి సర్దుకుంటూ తండ్రి వైపు చూడకుండానే మాట్లాడింది.

"రాత్రి విమానానికి టికెట్ దొరికింది. నేను వెళ్తున్నా."

"నేనూ వస్తా."

"నీకు పాస్‌పోర్టు ఎక్కడుంది నాన్నా? బయటి దేశాలకు పోతే దండగని చేయించుకోలేదుగా."

ఆయన మెల్లగా అడిగాడు. "మియొక్‌కి ఏమైనా అయితే, మీ అమ్మ నాతో మాట్లాడుతుందంటావా?"

"పిన్నికి ఏమైనా అయితే నేనే మాట్లాడను," అంది యున్‌సొ, ఏడుస్తూ. "నీ జాగ్రత్త ఎవరి కోసం నాన్నా? అమ్మ కోసమే అయితే, అమ్మ అంతసేపు తలుపు కొడుతుంటే వినబడకపోవడమేంటి?"

మూడు దాటాక నర్సు ఫోన్ నుంచి కాల్ వచ్చింది. ఆపరేషన్ అయింది గానీ చీము లోపలంతా పాకిందట. ఇంకో గంట ఆలస్యమైతే చేతుల్లో ఏమీ ఉండేది కాదన్నాడట డాక్టరు. రెండు రోజులు గడిస్తే గానీ చెప్పలేమన్నాడు. ఆ రెండు రోజులూ సాంగ్‌డొక్ ఇంట్లో ఒక్కడే కూర్చుని, ఏ దేశం నంబరు మోగినా మొదటి గంటకే ఎత్తాడు. అందులో ఒకటి నిజంగానే మోసగాళ్ళది. వాళ్ళతో కూడా మర్యాదగా, "మా ఆవిడ కాల్ కోసం చూస్తున్నానయ్యా, లైను వదలండి," అన్నాడు.

మూడో రోజు పొద్దున మల్‌సుక్ చేసింది.

"గంజి తాగింది. జ్వరం తగ్గింది. ఇక ఫరవాలేదన్నారు."

"నువ్వు నిద్రపోయావా?"

"కాస్త." ఆమె మళ్ళీ తనే, "పైసల గురించి అడగరేం?" అంది.

"ఆ సరస్సు ఎలా ఉందో చెప్పలేదు నువ్వు," అన్నాడాయన.

అవతల ముక్కు చీదుకున్న చప్పుడైంది. "వచ్చాక చెప్తా లెండి," అంది మల్‌సుక్. క్షమించానని మాత్రం అనలేదు. అడిగే ధైర్యం ఆయనకూ లేదు.

ఆ మధ్యాహ్నమే కార్డు కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. కార్డు తెరిపించాడు గానీ, దొంగతనం ఫిర్యాదు ఫైలు అలాగే నడుస్తోందట.

"మీరు చెప్పిన ఏడు చెల్లింపులూ, వాటి రుసుములూ మీకు వెనక్కి వేస్తున్నాం సర్. మొత్తం తొమ్మిది వేల చిల్లర. అవి మీ ఇంట్లోవాళ్ళు చేసినవి కావని ఒక్కమాట చెబితే చాలు. ఈ సంభాషణ రికార్డవుతోంది."

"చేసినవే," అన్నాడు సాంగ్‌డొక్.

"సర్?"

"మా ఆవిడ చేసింది."

"ఏడూనా సర్? పావుగంటలో ఏడు నీళ్ళ సీసాలు..." ఆ అమ్మాయి తడబడింది. "రుసుము నీళ్ళ కంటే ఎక్కువ పడింది సర్, అందుకని అడుగుతున్నా. అన్ని ఎందుకు కొన్నారో ఏమైనా..."

"నన్ను పిలవడానికి కొన్నదమ్మా. ఏడుసార్లు పిలిచింది. నేను కూర్చుని అన్నం తిన్నాను."

అవతల కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"రుసుము తీసుకోండి," అన్నాడాయన. "ఒక్క పైసా వెనక్కి వద్దు. దొంగ ఎవరూ లేరని రాయండి. ఆవిడ పిలిచిందని రాయండి."

"అలా రాయడానికి చోటు లేదు సర్," అంది ఆ అమ్మాయి మెల్లగా. "మీవేనని రాస్తాను. ఏడూ మీవే."

"ఆఁ, రాయమ్మా," అన్నాడు. ఆపైన ఏడుపు తన్నుకొచ్చింది. ఆ అమ్మాయి మాత్రం ఫోను పెట్టేయకుండా, ఆ పెద్దమనిషి ఏడుపు ఆగేదాకా అవతల అలాగే ఉంది.