ఎనిమిది గంటల నెత్తురు

1988. సోమవారం ఉదయం 9.10. తాండూరు పోలీస్ స్టేషన్.

సైరా బల్ల మీద రెండు కాగితాలు పెట్టింది. ఒకటి భర్త మజహర్ ఉత్తరం: 'నేను పనికిరాను. ఇంకో నిఖా చేసుకో.' రెండోది అతని నెత్తురు పరీక్ష రిపోర్ట్. మగ హార్మోన్ టెస్టోస్టెరోన్ 210. మూడు వందలకు తగ్గరాదట.

మనిషి మిస్సింగ్. మిస్సెస్ ఎదురుగా. ఎస్సై సోమేశ్వర్ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాడు.

"ఎప్పుడు పోయిండు బిడ్డా?"

"ఎనిమిది రోజులాయె. పిల్లలైతలేరని డాక్టర్ పరీక్ష రాసిచ్చిండు. కాగితం చూసి పోయిండు."

"ఇన్నాళ్లేం చేసిన్రు?"

"ఇజ్జత్ పోతదని మా అబ్బాజాన్ చెప్పనియ్యలే. శుక్రవారం నన్ను తీస్కపోయి తెగదెంపులు చేస్తడట."

దోస్తులను వాకబు చేస్తే, ఆరోజే 2.40కి కొడంగల్‌లో, నిసార్ అనే దోస్తు ఇంట్లో మజహర్ దొరికాడు. కేసు మూసేయొచ్చు. సోమేశ్వర్‌కు కన్ను మూతపడలేదు. మజహర్ పనిచేసే ఫ్యాక్టరీకి వెళ్లి అతని హాజరు పంచ్ కార్డు చూశాడు. మంగళవారం తెల్లారేసరికి మజహర్‌తో, ఆ పరీక్ష చేసిన వికారాబాద్ ల్యాబ్‌లో ఉన్నాడు.

"అంజిలయ్యా, సీసాలు మారినయా?" నెత్తురు తీసే మనిషిని అడిగాడు.

"లేదు సార్. ఆరోజు ఈయనదొక్కటే. సరిగ్గ ఎనిమిదింటికి తీసిన. సూది గుచ్చినా కదలలే. కుర్చీలనే గురక."

సోమేశ్వర్ అటూ ఇటూ నడిచాడు. ఆగాడు.

"మళ్లీ తియ్యి."

శుక్రవారం 10.05. పోలీస్ స్టేషన్లో సైరా, మజహర్, సైరా తండ్రి మొహియుద్దీన్.

"అంజిలయ్య దొంగ కాదు, డాక్టర్ దోషి కాదు," అన్నాడు సోమేశ్వర్. " ఈ హార్మోన్ నిద్రల పెరుగుతది, పొద్దుగాల ఎక్కువుంటది. అందుకే ఎనిమిదింటికి తీస్తరు."

"ఎనిమిదింటికే తీసిన్రు గద?" అన్నాడు మొహియుద్దీన్.

"ఈ పంచ్ కార్డు చూడున్రి. ఏడాది సంది నైట్ డ్యూటీ. ఆరోజు ఆరింటికి డ్యూటీ దిగి, రైలెక్కి, నిద్ర లేకుంటనే పోయి నెత్తురిచ్చిండు. గడియారానికి తెల్లారింది, ఈయనకు తెల్లారలే. తక్కువైంది మగతనం కాదు సాబ్, ఎక్కువైంది మగత. ఒక్క రిపోర్టుతోటి తేల్చరు, మళ్లీ రమ్మని డాక్టర్ చెప్పిండు. ఈయన కొడంగల్ పోయిండు."

"చెప్తే నవ్వుతరనుకున్న," గొణిగాడు మజహర్.

"కొడంగల్ల ఎనిమిది రాత్రులు పండుకున్నవు. అదే మంచిదైంది." కొత్త కాగితం విప్పాడు. "460."

మొహియుద్దీన్ రెండుసార్లు చదివాడు. "మరి పిల్లలు?"

"అది డాక్టర్ చూస్తడు. తెగదెంపులకు మాత్రం ఈ కాగితం పనికిరాదు."

ముసలాయన లేచి, కూతురి బట్టల మూట మజహర్ చేతికిచ్చాడు.

గడప దగ్గర సైరా వెనక్కి తిరిగింది.

"ఎస్సై సాబ్, ఫ్యాక్టరీల జర చెప్పున్రి. ఈయనను పొద్దటి డ్యూటీల ఎయ్యమనున్రి."