నత్త మెడలో తాడు

మా వీధి చివర నర్సమ్మ ఇల్లుంది చూశారూ... దాని ముందు చెప్పు తెగినా ఆగేవాళ్లు లేరు. చెప్పు చేత్తో పట్టుకుని, కుంటుకుంటూ దాటేస్తారు.

నర్సమ్మ పోయి తొమ్మిదేళ్లు. ఒంటరి మనిషి. పోయిన మూడు రోజులకి గానీ ఎవరికీ తెలియలేదు. అప్పట్నుంచీ రాత్రిళ్లు ఆ కిటికీలో కనిపిస్తుందంటారు. ముఖం చూసినవాళ్లు మాత్రం లేరు. కనిపించేది వీపే. కుర్చీలో కూర్చుని, వీధికి వీపు పెట్టి... అలాగే ఉంటుందట.

"ముఖం చూపించే దెయ్యమైతే ఓ దణ్ణం పెట్టి బయటపడొచ్చు. వీపు చూపించేదానితో ఏం మాట్లాడతాం?" అంటాడు ఇస్త్రీ బాబాయి.

ఆ ఇంట్లోకి అర్ధరాత్రి వెళ్లొచ్చింది ఒక్కతే. మా టైలరమ్మ. ఆవిడ చెప్పిందే చెబుతున్నాను, ఉప్పూకారం నేనేం కలపలేదు.

టైలరమ్మకి కుట్టుమిషనెంతో కుక్కలూ అంతే. దెబ్బలు తిన్నవీ, గొలుసుకి కట్టి వదిలేసినవీ కుక్కల షెల్టర్ వాళ్లు తెచ్చిస్తారు. మనుషులంటే భయం పోయేదాకా ఇంట్లో పెట్టుకుని, మంచి ఇల్లు దొరికాక కళ్లు తుడుచుకుంటూ సాగనంపుతుంది. అలా పదకొండు వెళ్లాయి. పన్నెండోది బూడిదరంగు ఆడకుక్క, బక్కచిక్కినది. గోడని పట్టుకునే పాకేది. అందుకే నత్త అని పేరు పెట్టింది.

బెదిరిన కుక్కకి ముఖం చూపించకూడదు, అదీ ఆవిడ పద్ధతి. గిన్నె పెట్టి, దానివైపు వీపు చేసి కూర్చోవాలి. పిలవకూడదు, కళ్లలోకి చూడకూడదు. ఎప్పటికో అదే వచ్చి ఒళ్లో తల పెడుతుంది. పదకొండూ అలాగే వచ్చాయి.

నత్త రాలేదు. మూడు వారాలైనా రాలేదు.

ఇంట్లో చూస్తే కుట్టాల్సిన స్కూలు యూనిఫారాలు కొండలా పేరుకున్నాయి. టైలరమ్మకి ఓపిక నశించింది. వీపు పెట్టి కూర్చోవడం మానేసింది. తాడు పట్టి లాక్కొచ్చి, గిన్నె ముందు నిలబెట్టి, "తిను! నీకేం తక్కువైందని?" అని కసిరేది.

ఆ తాడుకో నియమముంది. చూసే మనిషి దగ్గరుంటేనే మెడకి తాడు ఉండాలి, లేకపోతే విప్పెయ్యాలి. ఎక్కడైనా చిక్కుకుంటే ప్రాణం పోతుంది కదా. ఆ రోజు విప్పలేదు. మళ్లీ దీన్ని పట్టుకోవడం ఎవరివల్ల అవుతుందిలే అనుకుంది. ఇంతలో ఎవరో కొలతలివ్వడానికొచ్చారు, తలుపు తీసింది... అంతే. నత్త వాళ్ల కాళ్ల సందులోంచి తాడుతో సహా దూసుకుపోయింది.

ఫోన్లో షెల్టర్ డాక్టరమ్మ ఒకటే అడిగింది. "మెడకి తాడుందా?"

"లేదండీ... విప్పేశాను."

ఎందుకలా అబద్ధం చెప్పావమ్మా అని నేనడిగితే తల దించుకుంటుంది. నిజం చెబితే ఇంకెప్పుడూ కుక్కల్నివ్వరని భయం. పదకొండు కుక్కలతో వచ్చిన మంచిపేరు పోతుందని భయం.

"తాడుంటే పక్కనే ఎక్కడో చిక్కుకుని ఉండేది. లేదంటున్నారు కాబట్టి చాలా దూరం పోయుంటుంది" అంది డాక్టరమ్మ.

పాపం, షెల్టర్ వాళ్లు ఊరవతలంతా గాలించారు. టైలరమ్మ కూడా వాళ్ల వెంట తిరిగి, "నత్తా... నత్తా..." అని గొంతు పోయేలా అరిచింది. అరుస్తున్నప్పుడు తన గొంతు తనకే అసహ్యమేసిందట. చీకటి పడ్డాక ఒక్కతే వీధిలో పొదలూ, కాలవ గట్టూ వెతికేది. నర్సమ్మ ఇల్లు తప్ప అన్నీ వెతికింది.

ఏడో రోజు ఇస్త్రీ బాబాయి బట్టలివ్వడానికొచ్చి గుసగుసగా అన్నాడు.

"విన్నావా అమ్మాయ్? నర్సమ్మ కొత్త వేషం మొదలెట్టింది. నాలుగు రాత్రుల్నుంచి లోపల ఏదో ఈడుస్తోంది. సర్ర్... సర్ర్..."

"ఏం ఈడుస్తోంది బాబాయ్?"

"నాకేం తెలుసు? తాడులా ఉంది చప్పుడు."

మిషను మీద చెయ్యి ఆగిపోయింది.

ఏడు రోజులు! చుక్క నీళ్లు లేకుండా ఏ కుక్కా అన్నాళ్లు బతకదు. మరి ఈడ్చేదెవరు? నత్తే. చచ్చిపోయి దెయ్యమైంది... తాడు నా చేతికే ఇవ్వడానికొచ్చింది. అలా అనుకుంది టైలరమ్మ. అనుకున్నాక ఇంక మంచం మీద పడుకోలేకపోయింది.

అర్ధరాత్రి లేచి నర్సమ్మ ఇంటికెళ్లింది. వెనక తలుపుకి కింది చెక్క ఊడిపోయి ఉంది. టార్చి పట్టుకుని ఆ సందులోంచి దూరింది. లోపల మూగ చీకటి...

సర్ర్...

టార్చి ఎత్తింది.

కుర్చీ. వీధికి వీపు పెట్టి ఉంటుందన్న కుర్చీ, గది మధ్యలో, ఇప్పుడు వీధివైపే తిరిగి, ఇటు వీపు పెట్టి ఉంది. కళ్లు చిట్లించి చూసింది... అందులో ఎవరూ లేరు.

కుర్చీ వెనకే మంచం. మంచం కోడుకి చుట్టుకున్న తాడు. తాడు చివర రెండు కళ్లు మెరిశాయి... నత్త! బతికే ఉంది! ఎముకల గూడులా ఉంది, కానీ ఊపిరి ఆడుతోంది.

దాని పక్కన పింగాణీ గిన్నె. అంచుదాకా నీళ్లు.

ఆ వారమంతా ఒక్క చినుకు పడలేదు. నేలంతా తొమ్మిదేళ్ల దుమ్ము. దుమ్ములో కుక్క అడుగులున్నాయి, తాడు గీసిన చారలున్నాయి. మనిషి అడుగు ఒక్కటీ లేదు.

డాక్టరమ్మకి ఫోన్ చేసింది.

"దొరికిందండీ. అబద్ధం చెప్పాను... తాడుంది. నేనే విప్పలేదు. వీధి చివరే ఉందండీ, ఇన్నాళ్లూ ఇక్కడే..." మాట ఏడుపైపోయింది.

డాక్టరమ్మ అంది, "సరే. ఇప్పుడు తాడు విప్పకండి, బెదిరి మళ్లీ పారిపోతుంది. తలుపుకి అడ్డంగా కూర్చోండి. నత్తకి వీపు పెట్టి. వస్తున్నాను."

కూర్చుంది. ఎన్ని రోజులకి అలా కూర్చుందో!

చీకట్లో ఎంతసేపు గడిచిందో తెలియదు. వెనక నేల మీద... టప్... టప్...

తోక! మూడు వారాల్లో ఆవిడ ఒక్కసారి కూడా వినని చప్పుడు. "నన్ను క్షమించావా తల్లీ?" అని గొణిగింది. కన్నీళ్లు ఆగలేదు. చూడకూడదని తెలుసు. అయినా ఉండబట్టలేక తల తిప్పింది.

నత్త ఆవిడవైపు చూడనే లేదు. తాడు అందినంత మేరా కుర్చీ పక్కకి జరిగింది. ఖాళీ కుర్చీలో, ఎవరి ఒళ్లోనో పెట్టినట్టు, తల పెట్టుకుంది. కళ్లు మూసుకుని తోక ఊపుతోంది.

ఆ మాట దగ్గరకొచ్చేసరికి టైలరమ్మ ఇప్పటికీ గొంతు తగ్గిస్తుంది.

"భయపడ్డావా?" అని అడిగాను.

"భయమెందుకు? నేను చేయాల్సిన పని నర్సమ్మ చేస్తోంది... సిగ్గేసింది" అంది.